ఐదు శనివారాల వాదన

ఆ వేసవిలో నా భార్య స్టెఫీ ఐదు శనివారాలు టీవీలో రఘునందన్‌తో వాదించింది. ఐదూ నేను చూశాను. మొదటిది ఇంట్లో, మిగతావి కెమెరాల వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని.

వాదన దేని గురించో ముందు చెప్పాలి. విమానం ఎప్పుడు దిగాలి, ఎప్పుడు ఎగరాలి, ఏ ఎత్తులో పోవాలి అన్నది కంట్రోలర్లు చెబుతారు. ఆ వ్యవస్థ ప్రభుత్వం చేతిలో ఉంది. దాన్ని కొత్త పరికరాలతో మార్చాలని, వీలైన చోట కంపెనీలకు అప్పగించాలని ఒక ముసాయిదా వచ్చింది. ఢిల్లీలో కమిటీ వేశారు. జూన్ పదహారున కమిటీ కంట్రోలర్ల మాట వింటుంది. దక్షిణాది నుంచి ఒక్కరే వెళ్లాలి. కంట్రోలర్ల గిల్డ్ స్టెఫీ పేరు పంపింది. ఎనిమిదేళ్ల సర్వీసులో ఆమె ఏ పదవినీ అడగలేదు. దీన్ని మాత్రం అడిగి తీసుకుంది. ఫ్రిజ్ తలుపు మీద ఆ తేదీ రాసి అంటించింది.

రఘునందన్ అవతలి పక్షం. జనగామ మనిషి. పదిహేనేళ్లు కంట్రోలర్‌గా చేసి, ఏడాది కింద రాజీనామా చేశాడు. జూబ్లీహిల్స్‌లో ఆఫీసున్న ఒక కంపెనీలో చేరాడు. ఎవరూ టవర్ ఎక్కకుండా, కెమెరాలతో ఒకే గదిలోంచి నాలుగు చిన్న ఎయిర్‌పోర్టులు నడపొచ్చని ఆ కంపెనీ అంటుంది. స్టెఫీ కొత్తలో పని నేర్చుకున్నది అతని దగ్గరే, తీరంలో ఒక చిన్న ఎయిర్‌పోర్టులో.

నేను పద్నాలుగేళ్లుగా ఒక దినపత్రికలో విమానయానం గురించి రాస్తున్నాను. ఆ ఛానల్ నన్ను పిలవలేదు.

మొదటి శనివారం స్టెఫీ అతని పేరు పదకొండుసార్లు పలికింది. అతను ఆమె పేరు ఏడుసార్లు. నోట్‌బుక్‌లో గీతలు పెట్టాను. ఎందుకని అప్పుడు ఎవరైనా అడిగితే వార్తకు పనికొస్తుందని చెప్పేవాణ్ణి.

యాంకర్ నిహారిక ముసాయిదా చదివింది. రఘునందన్ అందుకున్నాడు.

"ఒక్క స్క్రీన్ మార్చాలంటే టెండరుకు మూడేండ్లు పడుతది. ఆ మూడేండ్లు మసకబారిన స్క్రీన్ ముంగట కూసునేది ఎవరు? మీరే గద స్టెఫీ."

"కొనడం చేతకాకపోతే కొనేవాళ్లని మార్చండి సార్. కూర్చునేవాళ్లని అమ్మేయడం ఎందుకు?"

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ ముక్కను ఛానల్ విడిగా కోసి నెట్‌లో పెట్టింది, ఊరంతా చూసింది. ఫిల్మ్‌నగర్‌లో మేముండే అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో ఒక డబ్బింగ్ థియేటర్ ఉంది. మర్నాడు లిఫ్టులో అక్కడి ఆర్టిస్టు ఒకాయన నన్ను ఆపాడు. "మీ మిసెస్ టైమింగ్ బావుందండీ. ఆ ఎదుటాయన కూడా సరిగ్గా అందిస్తున్నాడు. ఇద్దరికీ బాగా కుదిరింది" అన్నాడు. థాంక్స్ చెప్పాను.

మా పెళ్లయి ఆరేళ్లు. స్టెఫీ ఇంట్లో తక్కువ మాట్లాడుతుంది. డ్యూటీలో గంటల తరబడి మాట్లాడి వస్తాను కాబట్టి నన్ను వదిలెయ్ అని మొదట్లోనే చెప్పింది. నేను వదిలేశాను. టీవీలో ఆమె ఇరవై రెండు నిమిషాలు మాట్లాడింది. అంతసేపు ఆమె నాతో ఒకే విషయం మీద మాట్లాడిన రోజు ఏదని ఆలోచించాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

రెండో చర్చకు ముందు గురువారం రఘునందన్ మా ఇంటికొచ్చాడు. టోలిచౌకి నుంచి కబాబులు తెచ్చాడు. వాదించుకోబోయే ఇద్దరు ముందే కూర్చుని మాట్లాడుకోవడమేమిటని నేను అడిగాను. అంకెల మీద తగువు రాకుండా ఉండటానికట. దేశంలో ఎంతమంది కంట్రోలర్లు కావాలి, ఎంతమంది ఉన్నారు, ఏ దేశంలో ఏ పద్ధతి నడుస్తోంది, ఇవి ముందే ఒప్పుకుంటారట. కెనడాలో లాభం తీసుకోని సంస్థ ఒకటి దీన్ని నడుపుతోందన్నది ఆ సాయంత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. అది ఇక్కడ కుదురుతుందా అన్నది శనివారానికి వదిలేశారు.

నేను ప్లేట్లు సర్దుతూ చూశాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పక్కపక్కన కూర్చుని ఎదురుగోడ వైపు చూస్తూ మాట్లాడుకున్నారు. టవర్‌లో అలాగే కూర్చుంటారు, కళ్లు రన్‌వే మీదే ఉండాలి. అతను నీళ్ల గ్లాసు పక్కకు జరిపితే ఆమె చూడకుండానే అందుకుంది. వాళ్లు ముఖాలు చూసుకుంటూ మాట్లాడి ఉంటే నాకు అంత ఇబ్బంది ఉండేది కాదు.

వెళ్తూ వెళ్తూ అతను నాతో, "అన్నా, మీరు గిట్ల మూగగ కూసుంటె ఎట్ల? మీకు మా ఇద్దరికంటె ఎక్కువ తెలుసు గద" అన్నాడు. మర్యాదకే అన్నాడు. నాకది మర్యాదగా వినిపించలేదు.

అతను వెళ్లాక స్టెఫీ అడిగింది. "ఆయన రావడం నీకు నచ్చలేదా?"

"నచ్చకపోవడానికేముంది."

"నచ్చితే అలా అనవు."

వాళ్ల కంపెనీలోకి నిన్ను రమ్మన్నాడా అని అడిగాను. రెండుసార్లు పిలిచాడని, రెండుసార్లూ కాదన్నానని చెప్పింది. నాకెందుకు చెప్పలేదన్నాను. కాదన్నాక చెప్పడానికేముంది అని ఆమె ప్లేట్లు కడగడానికి వెళ్లింది.

మూడో వారానికి ఇంటి మాటల్లో 'రఘు సార్' 'రఘు' అయ్యాడు. అది నోట్‌బుక్‌లో రాయలేదు. రాయకపోయినా తేదీ గుర్తుంది.

మూడో చర్చలో స్టెఫీ తన అసలు మాట చెప్పింది. ఆ మాటే కమిటీ ముందు కూడా చెప్పబోతోంది. టవర్‌లో తప్పు జరిగితే చేసినవాళ్లే రాసిస్తారు, రాసినందుకు ఉద్యోగం పోదు, అందుకే మిగతావాళ్లు దాని నుంచి నేర్చుకుంటారు అంది. కంపెనీ వస్తే ఆలస్యానికి జరిమానా ఉంటుంది, తప్పుకు కాంట్రాక్టు పోతుంది. "అప్పుడు రాసే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగిన చోట మీ కొత్త కెమెరా ఏం చేస్తుంది?" అని అడిగింది.

 అంతవరకు ప్రతి ప్రశ్నకూ రఘునందన్ దగ్గర మాట ఉంది. ఈసారి బల్ల వైపు చూశాడు. నిహారిక బ్రేక్ ప్రకటించింది.

కెమెరా వెనక కుర్చీలో నేను ముందుకు వంగాను. విమానయానానికి రాకముందు నుంచీ, మొత్తం ఇరవై ఏళ్లుగా మనుషుల్ని ప్రశ్నలు అడుగుతున్నాను. ప్రశ్న తగిలిన మనిషి ఎలా ఉంటాడో తెలుసు. ఇతను ఎప్పుడో ఏదో చేసి దాచాడని అనుకున్నాను. అది దొరకాలని కోరుకున్నాను.

శ్రీనగర్ కాలనీలో శేషారత్నం గారని, విమాన భద్రతా విభాగంలో పనిచేసి రిటైరైన ఆవిడ ఉంటారు. నాకు పాత పరిచయం. సోమవారం వెళ్లాను. రెండు కప్పుల కాఫీ తర్వాత ఆవిడ ఒక విచారణ సారాంశం చూపించారు. తీరంలో చిన్న ఎయిర్‌పోర్టు. ఏడేళ్ల కిందటి జులై, వాన. దిగడానికి మైలు దూరంలో ఒక విమానం ఉండగా ఇంకోదాన్ని రన్‌వే మీదికి రమ్మన్నారు. వెంటనే పసిగట్టి, దిగబోతున్నదాన్ని మళ్లీ పైకి పంపారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వేళ ఆ సీటు ఎవరిదో రాసే పుస్తకాన్ని పొజిషన్ లాగ్ అంటారు. లాగ్‌లో పేరు రఘునందన్. మూడు వారాలు మైకు తీసేసి, మళ్లీ శిక్షణ ఇచ్చి పనిలోకి తీసుకున్నారు.

"కాగితం ఇంతే చెబుతుంది నాయనా. మిగతాది ఆయన్నే అడుగు" అన్నారు శేషారత్నం గారు.

వార్త బుధవారమే రాసి పెట్టుకున్నాను. ఒక వాక్యం మిగిలింది. ఎవరి మీద రాస్తున్నామో వాళ్ల వివరణ ఉండాలి, లేదా వాళ్లు దొరకలేదని ఉండాలి. నాలుగో శనివారం సాయంత్రం ఐదు నలభైకి రఘునందన్‌కు ఫోన్ చేశాను. ఆ వేళకు అతను మేకప్ గదిలో ఉంటాడని, ఫోన్ ఫ్లోర్ మేనేజర్‌కి ఇచ్చేస్తాడని నాకు తెలుసు. ఆరు రింగులయ్యాయి. పెట్టేశాను. మేకప్ గది తలుపు నా కుర్చీకి పాతిక అడుగుల దూరంలో ఉంది. తలుపు తీసే ఉంది.

'వివరణ కోసం ప్రయత్నించగా ఆయన అందుబాటులోకి రాలేదు' అని రాశాను.

గురువారం మా బ్యూరో చీఫ్ వెంకటనర్సయ్య గారు కాపీ రెండుసార్లు చదివారు.

"మాట్లాడినవా ఆయనతోని?"

"ఎత్తలేదు సార్."

"మల్ల చెయ్యి."

"చేశాను."

ఆయన నా ముఖం చూసి కాపీని కిందికి, అచ్చుకు పంపారు. వార్త ఐదో చర్చకు ముందు రోజు, శుక్రవారం, మొదటి పేజీలో వచ్చింది. భద్రత పాఠాలు చెబుతున్నది ఈయనేనా అని శీర్షిక.

స్టెఫీకి ఆ రోజు ఉదయం డ్యూటీ. టీ తాగుతూ పేపరు తీసింది. వార్తను చివరి దాకా చదివింది. మళ్లీ మొదటి పేరా చదివింది. టీ సగంలో ఆగింది.

"ఇది నీకెవరిచ్చారు?"

"చెప్పకూడదు."

"సరే. రఘుతో మాట్లాడావా?"

"ఎత్తలేదు."

పేపరు మడిచి బల్ల మీద పెట్టింది. "తప్పుల్లేవు. తేదీలు, దూరాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి" అంది. డ్యూటీ క్యాబ్ రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుండగా కిందికి దిగింది.

ఆ రోజంతా నేను సంతోషంగా ఉన్నాను. దాచి ప్రయోజనం లేదు. వేరే పత్రికలవాళ్లు ఫోన్ చేశారు. ఛానల్ నుంచి నిహారిక ఫోన్ చేసి, శనివారం చర్చలో మీ వార్తే ముందు తీసుకుంటున్నామని చెప్పింది. నా పేరు చెప్పమంటారా అని అడిగింది. చెప్పమన్నాను.

ఐదో చర్చ స్టూడియోలో జరగలేదు. ఫిల్మ్‌నగర్‌లో ఒక ఫ్లోర్ మీద ఏదో సినిమాకు కంట్రోల్ టవర్ సెట్ వేశారు. షూటింగ్‌కు విరామం ఉందని నిర్మాత ఛానల్‌కి ఇచ్చాడు, సినిమాకూ ప్రచారం. టవర్ నేలమీదే ఉంది. అద్దాలకు బయట నీలం గుడ్డ కట్టారు, తర్వాత అందులో రన్‌వే వేస్తారట. స్టెఫీ లోపలికి వచ్చి కంట్రోలర్ కుర్చీలో కూర్చోగానే గాలి వేగం చూపే డయల్ వైపు చూసింది. అది ప్లైవుడ్ మీద వేసిన బొమ్మ. రఘునందన్ కూడా వచ్చి కూర్చుని అటే చూశాడు. "గాలి లేదు" అన్నాడు మెల్లగా. ఆమె నవ్వలేదు.

నిహారిక వార్త చదివింది. నా పేరు చెప్పింది. ఇది నిజమేనా అని రఘునందన్‌ని అడిగింది.

"రాసింది నిజమే. ఆ పొద్దు పొజిషన్ నాది. లాగ్‌ల పేరు నాది. జిమ్మెదారి నాది. గంతే" అన్నాడు.

"అంటే తప్పు చేశానని ఒప్పుకుంటున్నారు."

"పొజిషన్ నాదని చెప్తున్న."

"తేడా ఏమిటండీ?"

 అతను మూడో శనివారం చూసినట్టే బల్ల వైపు చూశాడు. అప్పుడు కూడా అతని మనసులో ఏముందో నాకు ఆ క్షణంలో అర్థమైంది. స్టెఫీ నోరు తెరవక ముందే అర్థమైంది.

"మైకులో మాట్లాడింది నేను" అంది స్టెఫీ.

నిహారిక ఆమె వైపు తిరిగింది.

"నేనప్పుడు ట్రైనీని. ట్రైనీ మాట్లాడుతున్నా లాగ్‌లో ఇన్‌స్ట్రక్టర్ పేరే ఉంటుంది. ఆ విమానాన్ని రన్‌వే మీదికి రమ్మన్నది నేను. రెండోదాన్ని పైకి పంపింది రఘు సార్. మధ్యలో నాలుగు సెకన్లు."

"స్టెఫీ, వద్దు" అన్నాడు రఘునందన్.

"తప్పు చెప్పుకునే పద్ధతి పోకూడదని వారాలుగా ఇక్కడ కూర్చుని చెబుతున్నాను సార్. ఇంకేం చెయ్యమంటారు?"

ఆమె గొంతు మామూలుగానే ఉంది. వాన కురిసే రోజున కూడా టవర్‌లో అదే గొంతుతో మాట్లాడుతుందని అనుకుంటాను. నాకు ఎప్పుడూ వినే అవకాశం రాలేదు.

ట్రైనీ నిబంధన నాకు తెలుసు. మూడేళ్ల కింద ఆదివారం సంచికలో నేనే రాశాను. ఆ ఎయిర్‌పోర్టులో ఆమె అతని దగ్గర పని నేర్చుకుందని తెలుసు. ఆ జులైకి ఆమెకు సొంతంగా మైకు పట్టే అర్హత ఇంకా రాలేదని తెలుసు. ఆ నవంబరులో వచ్చింది. అది వచ్చిన రోజే నేను ఆమెను పెళ్లి గురించి అడిగాను. ఈ సంగతులు ఏవీ నేను కొత్తగా వెతకాల్సినవి కావు. ఒకదాని పక్కన ఒకటి పెట్టలేదు, అంతే.

ఇంటికి నడిచే వచ్చాం, దూరం లేదు. సందు మలుపులో ఆమె అడిగింది. "ట్రైనీ రూల్ నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి?"

చెప్పడానికి ప్రయత్నించాను. ఎక్కడ మొదలుపెట్టినా గ్లాసు నీళ్ల దగ్గరికో, పదకొండు గీతల దగ్గరికో వచ్చి ఆగుతోంది. ఆమె నాకంటే ముందు నడిచింది.

మంగళవారం మెమో వచ్చింది. మూసేసిన విచారణ ఫైలులోని విషయం అనుమతి లేకుండా టీవీలో చెప్పినందుకు. విషయం తేలేదాకా మైకు దగ్గరికి వెళ్లొద్దన్నారు. గిల్డ్ అధ్యక్షుడు ఫోన్ చేసి, మెమో ఉన్న మనిషిని కమిటీ ముందుకు పంపలేమని, తనకు బాధగా ఉందని చెప్పాడు. ఆమె బదులు చెన్నై నుంచి ఒకాయన్ని ఎంపిక చేశారు. స్టెఫీ తన నోట్సు నలభై పేజీలు ఆయనకు పంపింది. రోజూ సాయంత్రం బాల్కనీలో నిలబడి ఆయనకు ఫోన్‌లో వివరించేది. నేను లోపల కూర్చుని వినేవాణ్ణి. ఆయన మీద కూడా నాకు అసూయ కలిగింది. జూన్ పదహారున ఆయన కమిటీ ముందు బాగానే మాట్లాడాడని తెలిసింది. ఫ్రిజ్ మీది కాగితం అప్పటికే లేదు. ఎప్పుడు తీసిందో నేను చూడలేదు.

నేను సవరణ రాశాను. ఏడో పేజీలో నాలుగు లైన్లు వచ్చింది.  వెంకటనర్సయ్య గారు మా ఇద్దరి మధ్య బల్ల మీదున్న ఫోన్‌ను కాస్త నా వైపు జరిపారు.

ఆ వారమే రఘునందన్ నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, ఆ పొద్దు ఫోన్ చేసిన్రు గద. నేను ఎత్తలే. ఇప్పుడు ఖాళీగ ఉన్న. ఏమడగాలనుకున్నరో అడుగుండ్రి."

ఎగతాళి చేస్తున్నాడేమో అని విన్నాను. కాదు. అందుకే అడగక తప్పలేదు. ఆమె తప్పును తన మీద ఎందుకు వేసుకున్నాడని అడిగాను.

"ఏసుకునుడేంది అన్నా. ట్రైనీ మైకుల ఉంటె పక్కన ఉన్నోనిదే పొజిషన్. స్టెఫీ కంటె ముంగట ఇద్దరున్నరు, తర్వాత ముగ్గురు. అందరివి నా పేరు మీదనే పోయినయి." తర్వాత అతనే అడిగాడు. "ఆమె ఒక్కదాని కోసం చేసిననుకున్నరా?"

ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను.

"అనుకున్నరు" అన్నాడు. ఇంకో ఫోన్ వస్తోందని చెప్పి పెట్టేశాడు.

ఆ మాటతో నాకు బరువు దిగాలి. దిగలేదు. నాకు ముక్కూ మొహం తెలియని ఇంకో ఐదుగురికి కూడా అతను చేసిన పని అది. నేను మా ఇంట్లో మనిషికి ఒక ఫోన్ కాల్ పాటి పని కూడా చేయలేదు. అతని మీద అసూయ పడటానికి ఇంతకాలం నాకు కారణం లేదు. ఇప్పుడు ఉంది.

మెమో హెచ్చరికతో ముగిసింది. ఆమె మైకు ఆమెకు తిరిగి ఇచ్చారు. జూన్ ఆఖరి వారంలో బదిలీల జాబితా నా ఫోన్‌కి వచ్చింది. ఈ విభాగం చూసే విలేకరులందరికీ వస్తుంది. పన్నెండో పేరు స్టెఫీది. ఉత్తరాదిన ఉన్న శిక్షణ కాలేజీకి, ఇన్‌స్ట్రక్టర్‌గా, రెండేళ్లు. పక్కన 'సొంత అభ్యర్థనపై' అని ఉంది.

ఇంటికి వెళ్లాను. ఆమె బాల్కనీలో తీగ మీద బట్టలు తీస్తోంది. చినుకులు మొదలయ్యాయి. ఫోన్ ఆమె ముందు పెట్టాను.

"ఇది నువ్వే అడిగావా, వాళ్లే పంపించి అలా రాశారా?"

ఆమె ఫోన్ తీసుకుని చదివింది. తన పేరు దగ్గర ఆగకుండా జాబితా కిందిదాకా చదివింది.

"నేనే అడిగాను."

"మెమో వచ్చాకా?"

"కాదు. నీ వార్త వచ్చిన రోజు. క్యాబ్ కోసం కింద నిలబడి ఫోన్‌లోనే పంపాను."

అంటే శనివారం సెట్‌లో కూర్చునే ముందే. ఎవరికీ ఏమీ తెలియక ముందే. నేను ఇంట్లో సంతోషంగా ఉన్నప్పుడు.

"ఇంకేమైనా అడగాలా?" అంది.

లేదన్నాను. ఆమె ఫోన్ నా చేతికిచ్చి, తడుస్తున్న మిగతా బట్టలు తీయడం మళ్లీ మొదలుపెట్టింది. మొదట తనవి తీసింది.